క్యాన్సర్ చరిత్ర రాయాలనుకుంటే విశాఖ నుంచే మొదలుపెట్టండి

మీ ప్రశ్న శ్రద్ధగా చదివాను. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చరిత్ర చదువుతూ చివరి సెమిస్టరు ప్రాజెక్టుకు ‘క్యాన్సర్, దాని చికిత్సల చరిత్ర’ అనే అంశాన్ని తీసుకున్నారు. ఈజిప్టు పత్రాలతో మొదలై జన్యు చికిత్సల దాకా పన్నెండు అధ్యాయాల ప్రణాళిక వేసుకున్నారు. మూడు సంగతులు అడిగారు: ఎక్కడ మొదలుపెట్టాలి, ఈ చరిత్రలో మన విశాఖపట్నానికి చోటుందా, కీమోథెరపీని (మందులతో చేసే క్యాన్సర్ చికిత్సను) కనిపెట్టింది యల్లాప్రగడ సుబ్బారావే అన్న మాట నిజమేనా. వైద్య కళాశాలలో పెథాలజీ (జబ్బుపడిన కణజాలాన్ని పరీక్షించే శాస్త్రం) బోధించి రిటైరైన వాడిని నేను. ఉద్యోగ జీవితమంతా సూక్ష్మదర్శిని కింద ఈ జబ్బునే చూశాను. మీరు ఎంచుకున్న అంశం నాకు చాలా ఇష్టమైనది కాబట్టి వివరంగానే రాస్తాను.

ముందుగా ఆ పన్నెండు అధ్యాయాలను పక్కన పెట్టండి. వేల ఏళ్ల కథను ఒక సెమిస్టరులో చెప్పబోతే, ఇదివరకే ఎందరో రాసిన సంగ్రహాలకు మరో సంగ్రహం తోడవుతుంది తప్ప పరిశోధన జరగదు. క్రీ.పూ. 1600 ప్రాంతపు ఎడ్విన్ స్మిత్ పాపిరస్‌లో రొమ్ములో గడ్డల ప్రస్తావన, దానికి చికిత్స లేదన్న మాట ఉన్నాయి. సుశ్రుతుడు అర్బుదాన్ని గుండ్రంగా, కదలకుండా, లోతుగా పాతుకుని మెల్లగా పెరిగే గడ్డగా వర్ణించాడు. ప్రాచీన గ్రీకు వైద్యుడు గాలెన్ అది నల్లపైత్యం వల్ల వస్తుందన్నాడు. ఇవన్నీ మీ ఉపోద్ఘాతంలో ఒక పేరాకు సరిపోతాయి. అంతకు మించి వాటిమీద బరువు మోపకండి. గడ్డలోని కణాలను సూక్ష్మదర్శినితో పరీక్షించడం 1838లో యోహానెస్ ముల్లర్‌తో, ఆ తర్వాత 1858 నాటి జర్మన్ పెథాలజిస్టు విర్కో ఉపన్యాసాలతో స్థిరపడింది. అంతకు ముందు రాసినవాటిలో ఏది క్యాన్సరో, ఏది క్షయగడ్డో, ఏది మామూలు కొవ్వుగడ్డో ఈనాడు ఎవరూ తేల్చలేరు.

ఇక విశాఖ సంగతి. చోటుందా అని మీరు సందేహంగా అడిగారు. క్యాన్సర్ కారణాల చరిత్రలో మన తీరానికి ఒక అధ్యాయమే ఉంది. అది అడ్డపొగ.

చుట్ట వెలిగించి, మండే కొసను నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు శ్రీకాకుళం నుంచి విశాఖ దాకా తీరప్రాంత పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, తరతరాలుగా ఉండేది. గాలికి ఆరిపోదు, నుసి రాలి చీర మీద పడదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి అని ఆ అలవాటున్నవాళ్లు చెప్పేవారు. తల్లి దగ్గర కూతురు నేర్చుకునేది. నిప్పు, పొగ రెండూ నేరుగా అంగిలికి తగులుతాయి. ఆ అంగిలి ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే మీరు చదవబోయే వ్యాసాలన్నీ దాని చుట్టూనే తిరుగుతాయి. మొదట అంగిలి గులాబీ రంగు పోయి తెల్లబారి మందమవుతుంది. చిన్న చిన్న లాలాజల గ్రంథుల నాళాలు తెరుచుకునే చోట ఎర్రని చుక్కలు కనిపిస్తాయి, ఒక్కొక్క చుక్క చుట్టూ తెల్లగా ఉబ్బిన అంచు ఉంటుంది. కొందరిలో ఏళ్లు గడిచినా అంతవరకే ఆగుతుంది. కొందరిలో ఒక చోట పొర ఎర్రగా పలచబడి, పుండు పడి, మానదు. ఆ పుండు అంచు నుంచి చిన్న ముక్క తీసి స్లైడు చేస్తే, పైపొరలోనే ఉండవలసిన కణాలు కిందికి చొచ్చుకుపోయి గుంపులు కట్టి కనిపిస్తాయి. ఆ గుంపుల మధ్యలో కెరటిన్ (చర్మంలో, గోళ్లలో ఉండే ప్రోటీన్) పొరలు పొరలుగా చుట్టుకుని గులాబీరంగు ముత్యాల్లా ఉంటుంది. మేం వాటిని కెరటిన్ ముత్యాలనే అంటాం. గట్టి అంగిలికి ఈ రకం క్యాన్సర్ రావడం మిగతా ప్రపంచంలో అరుదు.

ఈ సంగతి మొదట పట్టుకున్నది ఇక్కడి వైద్యులే. 1923లో ఇక్కడ వైద్య కళాశాల, కింగ్ జార్జి ఆస్పత్రి (కేజీహెచ్) ప్రారంభమయ్యాయి. పద్నాలుగేళ్లు తిరిగేసరికి, 1937లో, విశాఖ వైద్య కళాశాలకు చెందిన కిని, సుబ్బారావు క్యాన్సర్ సమస్య మీద ఇండియన్ మెడికల్ గెజెట్‌లో వ్యాసం ప్రచురించారు. ఈ ప్రాంతపు అంగిలి క్యాన్సర్‌కూ, చుట్టను తిరగేసి కాల్చడానికీ ఉన్న సంబంధం గురించి తర్వాత రాసినవాళ్లందరూ ఆ వ్యాసం నుంచే మొదలుపెడతారు. ఈ సుబ్బారావు వేరు, మీరు అడిగిన యల్లాప్రగడ సుబ్బారావు వేరు. ఇద్దరినీ కలిపేయకండి. 1957లో డి. గోవిందరెడ్డి, వి.కె. రావు కోస్తాంధ్ర అంగిలి క్యాన్సర్ల మీద మరో వ్యాసం రాశారు. అక్కడి నుంచి పరిశోధన ఆస్పత్రి గోడలు దాటి ఊళ్లలోకి వెళ్లింది. బొంబాయి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోని దంత పరిశోధన విభాగం నుంచి ఫాలీ మెహతా, డెన్మార్క్ నుంచి జెన్స్ పిండ్‌బోర్గ్ కలిసి దేశంలో ఐదు జిల్లాలు ఎంచుకున్నారు. మొత్తం 50,915 మంది గ్రామీణుల నోళ్లు పరీక్షించి 1969లో ఫలితాలు ప్రచురించారు. ఆ ఐదింటిలో శ్రీకాకుళం ఒకటి. ఆ జిల్లాలో పరీక్షించిన 10,169 మంది అంగిళ్ల గురించి 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో విడిగా రాశారు. అదే ఏడాది అదే పత్రికలో సి.ఆర్.ఆర్.ఎం. రెడ్డి, ఆయన సహచరులు అంగిలి పొరలో వచ్చే మార్పులను సూక్ష్మదర్శినితో చూసి రాసిన వ్యాసం వచ్చింది. చివరగా, శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడేవాళ్ల మధ్య ప్రచారం చేసి, అలవాటు మాన్పిస్తే నోటి మచ్చలు తగ్గుతాయా అని ఏళ్లపాటు చూశారు. తగ్గాయని 1986లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు.

ఒక్కసారి ఆ వరుస చూడండి. ఒక ఊరి డాక్టర్లు తమ ముందున్న రోగుల్లో ఏదో తేడా గమనించడం, దాన్ని కణాల్లో పరీక్షించడం, ఊరూరా తిరిగి లెక్కించడం, చివరికి అలవాటు మాన్పించి ఫలితం చూపించడం. అర్ధ శతాబ్దం పట్టింది. క్యాన్సర్ కారణాన్ని మనుషులు ఎలా కనిపెడతారో చూపించడానికి ఇంతకన్నా నిండైన ఉదాహరణ మీకు దొరకదని నా అభిప్రాయం. 1775లో పెర్సివల్ పాట్ లండన్‌లో పొగగొట్టాలు శుభ్రం చేసే కుర్రాళ్ల క్యాన్సర్ గురించి రాసిన కథను అందరూ రాస్తారు. ఈ కథను చరిత్ర విద్యార్థులు ఎవరైనా పూర్తిగా రాయగా నేను చదవలేదు. మీరు రాయండి.

అయితే అభిమానంతో అతిగా రాయకూడదు. ‘పొగాకుకూ క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని లండన్‌లో డాల్, హిల్ 1950లో నిరూపించారు, విశాఖవాళ్లు 1937లోనే నిరూపించారు’ అని రాయాలనిపిస్తుంది. రాయకండి. డాల్, హిల్ ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్నవాళ్లనూ లేనివాళ్లనూ పక్కపక్కన పెట్టి అలవాట్లు పోల్చారు. అడ్డపొగ తాగే ఊళ్లో తాగని వాళ్లకు అంగిలి క్యాన్సర్ ఎంత వస్తోందో చెప్పాలంటే ఆస్పత్రికి వచ్చినవాళ్ల లెక్క చాలదు, ఊరు మొత్తం లెక్క కావాలి. ఆ లెక్క 1960ల్లోగానీ రాలేదు. ముందుగా గమనించడం ఒక ఘనత, రుజువు చేయడం మరో ఘనత. రెండింటినీ వేరువేరుగా చూపిస్తేనే మీ రచనకు విలువ.

పాత అంకెలు చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త. జిల్లా పేరు చూసి మోసపోకండి. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే వరకూ కోరాపుట్ ప్రాంతం మన జిల్లాలోనే ఉండేది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలు విడిగా ఏర్పడ్డాయి. 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వచ్చాయి. 1937 వ్యాసంలోని ‘విశాఖపట్నం జిల్లా’నూ ఈనాటి జిల్లానూ పక్కపక్కన పెట్టి జబ్బు పెరిగింది, తగ్గింది అంటే అర్థం ఉండదు. ఆస్పత్రి రిజిస్టరులో ఎవరి పేరు ఎక్కుతుందో కూడా ఆలోచించండి. నోట్లో పుండుతో ఉన్న పల్లెకారు ముసలమ్మ, కొడుకు రెండు రోజుల కూలి వదులుకుని తీసుకొస్తేనే ఆస్పత్రి మెట్లెక్కేది. రానివాళ్లు ఏ లెక్కలోనూ లేరు.

ఇదే జాగ్రత్త ‘క్యాన్సర్ ఈనాటి జబ్బు, మన తాతల కాలంలో లేదు’ అన్న మాటకూ వర్తిస్తుంది. మీ ప్రణాళికలో ఒక అధ్యాయం ఆ ఊహమీదే నిలబడి ఉంది. భారతీయుల్లో క్యాన్సర్ అరుదని వలస పాలన నాటి వైద్యుల్లో చాలామంది నమ్మేవారు. 1930ల్లో నాథ్, గ్రేవాల్ దేశంలోని ఆస్పత్రుల రికార్డులు సేకరించి, వయసు లెక్కలోకి తీసుకుంటే ఆ నమ్మకం నిలవదని చూపించారు. 1951 నాటికి కూడా మన సగటు ఆయుర్దాయం 32 ఏళ్లే. ఎక్కువ క్యాన్సర్లు యాభై దాటాక వస్తాయి. కలరా, మలేరియా, పురిటి మరణాలు ఆ వయసు దాకా చాలామందిని రానివ్వలేదు.

ఇప్పుడు యల్లాప్రగడ సుబ్బారావు గురించి. కీమోథెరపీని ఆయన ఒక్కరే కనిపెట్టారనడం నిజం కాదు. ఆయన లేకపోతే అది అప్పట్లో ఆ దారి పట్టేది కాదన్నది నిజం. ఈ రెండింటి మధ్య తేడాను మీరు తేదీలతో చూపించాలి.

ఆయన 1895లో భీమవరంలో పుట్టి, మద్రాసులో వైద్యం చదివి, 1920ల మొదట్లో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని 1925లో రూపొందించారు. జీవరసాయన ప్రయోగశాలల్లో ఆ పద్ధతి దశాబ్దాలపాటు నడిచింది. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరి పరిశోధన బాధ్యతలు తీసుకున్నారు. క్యాన్సర్ కథ అక్కడ ఫోలిక్ ఆమ్లంతో మొదలవుతుంది. దానికీ ఒక భారతీయ మూలం ఉంది. 1920ల చివర లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, ఈస్ట్ సారంతో అది నయమవుతుందని కనుగొన్నారు. ఆ సారంలోని పదార్థమే ఫోలిక్ ఆమ్లమని తర్వాత తేలింది. 1940ల మధ్యలో లెడర్లీలో సుబ్బారావు బృందం దాన్ని కృత్రిమంగా తయారు చేసింది.

బోస్టన్‌లో పిల్లల పెథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ లుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఫోలిక్ ఆమ్ల సంబంధిత పదార్థాలు ఇచ్చి చూశారు. జబ్బు తగ్గలేదు సరికదా, వేగం పెరిగినట్టు కనిపించింది. అలాగైతే ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే పదార్థం ఇస్తే? కణం విభజన చెందాలంటే డీఎన్‌ఏ కావాలి, డీఎన్‌ఏ తయారీకి ఫోలిక్ ఆమ్లం కావాలి. అచ్చం దానిలాగే కనిపించి, దాని చోట కూర్చుని, పని మాత్రం జరగనివ్వని అణువులను లెడర్లీ రసాయనవేత్తలు తయారు చేస్తున్నారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను ఫార్బర్ 16 మంది పిల్లలకు ఇచ్చారు. 10 మందిలో మెరుగుదల కనిపించింది. 1948 జూన్‌లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితాలు వచ్చాయి. ఆ వ్యాసం శీర్షికలోనే అవి తాత్కాలిక ఉపశమనాలని ఉంది. జబ్బు తిరగబెట్టింది. అయినా ఏ ఆశా లేని జబ్బులో ఒక మందు రక్తాన్ని కొన్నాళ్లయినా మామూలు స్థితికి తేగలదని మొట్టమొదట తెలిసింది. అది చాలా పెద్ద విషయం.

ఆ వ్యాస రచయితల్లో సుబ్బారావు పేరు లేదు. అమినోప్టెరిన్ రసాయన వ్యాసం 1947లో సీగర్, సహచరుల పేర్లతో వచ్చింది. అంటే పత్రాల్లో పేరు వెతికి, కనిపించలేదు కాబట్టి పాత్ర లేదనుకుంటే పొరపాటు. పరిశోధనను నడిపించిన మనిషి జాడ కంపెనీ నివేదికల్లో, ఉత్తరాల్లో, సహచరుల జ్ఞాపకాల్లో ఉంటుంది. 1948 ఆగస్టులో, ఫార్బర్ వ్యాసం వెలువడిన రెండు నెలలకే, సుబ్బారావు కన్నుమూశారు. అమినోప్టెరిన్ చెల్లెలు లాంటి మెథోట్రెక్సేట్‌తో 1956లో అమెరికాలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ కోరియోకార్సినోమా అనే గర్భ సంబంధ క్యాన్సర్‌ను నయం చేశారు. గట్టి గడ్డగా ఉండే క్యాన్సర్ కేవలం మందుతో నయం కావడం అదే మొదలు. ఆ విజయాన్ని సుబ్బారావు చూడలేదు. ఇవాళ్టికీ మన కేజీహెచ్‌లోనైనా, అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆస్పత్రిలోనైనా లుకేమియా పిల్లలకు ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఉంటుంది.

ఇక ‘ఒక్కరే’ అన్న మాట ఎందుకు నిలవదంటే, 1942లోనే యేల్ విశ్వవిద్యాలయంలో గుడ్‌మన్, గిల్మన్ మస్టర్డ్ అనే యుద్ధ విషవాయువుకు దగ్గరి రసాయనమైన నైట్రోజన్ మస్టర్డ్‌ను లింఫోమా (లసికా గ్రంథుల క్యాన్సర్) రోగికి ఇచ్చారు. యుద్ధ రహస్యం కాబట్టి 1946 దాకా ప్రచురించలేదు. ఇక్కడా ఒక వాడుక కథ ఉంది: 1943 డిసెంబరులో ఇటలీలోని బారి రేవులో బాంబు దాడికి మస్టర్డ్ వాయువు బయటపడి, అందులో చనిపోయినవారి తెల్లకణాలు పడిపోవడం చూసి కీమోథెరపీ పుట్టిందని. ఏడాది తేడా మీరే చూస్తున్నారు. బారి దుర్ఘటన ఆ ఆలోచనకు బలమిచ్చింది, పుట్టుక మాత్రం అది కాదు. ఏ సంఘటన ఎప్పుడు జరిగింది, ఎప్పుడు అచ్చయింది అని రెండు నిలువు వరుసల పట్టిక మొదటి రోజే గీసుకోండి. సగం అపోహలు అక్కడే తొలగిపోతాయి.

చికిత్సల భాగంలో ఇంకొక్క అంశం తీసుకోగలిగితే రొమ్ము శస్త్రచికిత్స తీసుకోండి. 1880ల్లో విలియం హాల్‌స్టెడ్ రొమ్ముతోపాటు ఛాతీ కండరాలు, చంకలోని గ్రంథులు కూడా తీసేసే పద్ధతి ప్రవేశపెట్టారు. ఎంత ఎక్కువ కోస్తే అంత మంచిదన్న నమ్మకం ఎనభై ఏళ్లకు పైగా నడిచింది. 1971లో బెర్నార్డ్ ఫిషర్ 1,665 మంది స్త్రీలతో తులనాత్మక పరీక్ష మొదలుపెట్టారు. అంత కోత అక్కర్లేదని తేలింది. ఈలోగా ఎంతమంది స్త్రీలు చెయ్యి వాచి, భుజం ఎత్తలేక బతికారో మీ అధ్యాయంలో ఉండాలి. డాక్టర్ల పేర్లతోనే చికిత్స చరిత్ర నింపేస్తే అది సగం చరిత్రే.

ఆధారాలు ఎక్కడ దొరుకుతాయంటారా? ఇండియన్ మెడికల్ గెజెట్ పాత సంచికలన్నీ పబ్‌మెడ్ సెంట్రల్ వెబ్‌సైటులో ఉచితంగా ఉన్నాయి. బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్ పాత సంచికలూ అక్కడే. వెతికేటప్పుడు మన ఊరి పేరును పాత ఆంగ్ల వర్ణక్రమంలో విజగపటం అనీ, వాల్తేరు అనీ కూడా కొట్టండి, లేకపోతే సగం దొరకవు. మన విశ్వవిద్యాలయపు వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో పాత తెలుగు పత్రికలు తిరగేయండి. వాటిలో క్యాన్సర్ అన్న పేరు కన్నా రాచపుండు అన్న పేరే ముందు కనిపిస్తుంది. 1953 దాకా మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాం కాబట్టి ఆస్పత్రుల వార్షిక నివేదికలు, ప్రభుత్వ ఉత్తర్వులు చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రాచీన పత్రాగారంలో వెతకాలి. వెళ్లే ముందు మీ విభాగాధిపతి నుంచి ఉత్తరం తీసుకోండి. ఆంధ్ర మెడికల్ కాలేజీ 2023లో వందేళ్లు పూర్తి చేసుకుంది. పూర్వ విద్యార్థుల్లో 1960ల నాటి వార్డులు గుర్తున్నవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లతో మాట్లాడే పని వాయిదా వేయకండి.

ఆస్పత్రి రిజిస్టర్లు చూడాలంటే నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) అనుమతి కావాలి. రోగుల పేర్లు, చిరునామాలు మీ నోటుపుస్తకంలోకి ఎక్కకూడదు. చాలాచోట్ల పాత రిజిస్టర్లు చెదలు తిని పోయాయి. కాబట్టి అడ్డపొగ చరిత్రలో సగం మీకు మనుషుల దగ్గరే దొరుకుతుంది. పెదజలారిపేటలో, భీమిలి తీరంలో పెద్దవాళ్లను కలవండి. నేరుగా క్యాన్సర్ గురించి అడగకండి, ఎవరూ నోరు విప్పరు. ‘అమ్మా, చుట్ట ఎవరు నేర్పారు? ఎన్నేళ్లప్పుడు? రోజుకు ఎన్ని? మానేసినవాళ్లు ఎందుకు మానేశారు?’ అని అడగండి. అంగిలిలో పుండుతో పోయిన అత్తగారి సంగతో, అక్క సంగతో వాళ్లే చెబుతారు. మాట్లాడే ముందు మీరెవరో, ఎందుకు రాసుకుంటున్నారో తెలుగులో చదివి వినిపించి, ఒప్పుకున్నాకే రికార్డు చేయండి.

ఇంకా ఆ అలవాటు ఉన్న పెద్దామె ఎవరైనా తారసపడి, నోట్లో రెండు మూడు వారాలుగా మానని పుండు ఉందనో, కారం తగిలితే మంట పుడుతోందనో అంటే, నోటుపుస్తకం మూసేయండి. ఇంట్లోవాళ్లతో మాట్లాడి కేజీహెచ్ ఈఎన్‌టీ విభాగానికో అగనంపూడికో ఆమెను చూపించమని చెప్పండి, కుదిరితే మీరూ తోడు వెళ్లండి. అంగిలి మచ్చ దశలో పట్టుకుంటే చుట్ట మాన్పించి డాక్టరు కనిపెట్టుకుని ఉంటే చాలాసార్లు సరిపోతుంది. చిన్న పుండుగా ఉన్నప్పుడైతే శస్త్రచికిత్సతో బయటపడే అవకాశం బాగా ఉంటుంది. ఇంటర్వ్యూ మరో రోజు చేసుకోవచ్చు.